చవక జూమ్ లెన్స్ కొన్నారా? మార్చుకునే గడువు దాటకముందే ఇలా పరీక్షించండి

కొత్త కెమెరా చేతికి రాగానే అందరం చేసే పని ఒకటే. మేడెక్కి, లెన్స్‌ను చివరిదాకా జూమ్ చేసి, ఎదురింటి వాటర్ ట్యాంకు మీద వాలిన పావురాన్నో, రాత్రయితే చందమామనో తీస్తాం. కెమెరా వెనక స్క్రీన్ మీద పెద్దది చేసి చూసుకుంటాం. బాగుందనిపిస్తే సంబరం. మసకగా ఉంటే "చవక లెన్స్ కదా, ఇంతే" అని సరిపెట్టుకుంటాం. ఈ రెండు తీర్పులూ నమ్మదగ్గవి కావు.

నా మొదటి 70-300 ఎంఎం జూమ్ లెన్స్ కొన్నప్పుడు నేనూ అంతే చేశాను. ఐదు నెలల తర్వాత మా బాబాయి కూతురి పెళ్లిలో, ఫంక్షన్ హాలు వెనక నుంచి స్టేజి మీది గ్రూప్ ఫోటో తీశాను. ఇంటికొచ్చి కంప్యూటర్లో చూస్తే కుడి చివర నిలబడ్డవాళ్ల చీర అంచుల్లో జరీ పోగులు లెక్కపెట్టొచ్చు. ఎడమ చివర ఉన్న మా పెద్దమ్మ ముఖం మాత్రం తడిగుడ్డతో తుడిచినట్టు చెదిరిపోయింది. పాత ఫోటోలన్నీ తిరగేశాను. మొదటి రోజు తీసిన పావురం ఫోటోలోనూ ఎడమ పక్క అలాగే ఉంది. పావురం మధ్యలో ఉంది కాబట్టి అప్పుడు నా కంటికి ఆనలేదు. మార్చి ఇచ్చే గడువు ఎప్పుడో అయిపోయింది. పెద్దమ్మ ఫోటో మళ్లీ తీయడానికి ఆవిడా ఇప్పుడు లేదు.

ఆ తర్వాత కొన్న ప్రతి లెన్స్‌నూ, స్నేహితుల లెన్స్‌లనూ కింద చెప్పిన పద్ధతిలోనే చూస్తున్నాను. దీనికి ఒక పొద్దుట పూట, పాత పేపర్లు, ఒక ట్రైపాడ్, చిన్న అద్దం ఉంటే చాలు.

దేన్ని క్షమించాలి, దేన్ని క్షమించకూడదు

మిర్రర్‌లెస్ కెమెరాలకు (లోపల అద్దం లేని కొత్తరకం కెమెరాలు) చవకలో దొరికే టెలి జూమ్‌లు (దూరంగా ఉన్నవాటిని దగ్గరగా చూపేవి) దాదాపు ఒకే తరహాలో ఉంటాయి. కెనన్ ఆర్‌ఎఫ్-ఎస్ 55-210, నికాన్ జడ్ డిఎక్స్ 50-250, సోనీ ఇ 55-210 లాంటివి. బరువు తక్కువ, లోపలికి వచ్చే వెలుతురు కూడా తక్కువ. నికాన్, సోనీ లెన్స్‌లు చివరిదాకా జూమ్ చేస్తే ఎఫ్/6.3 దగ్గర ఆగిపోతాయి, కెనన్‌ది ఎఫ్/7.1 దగ్గర. ఎఫ్ పక్కన అంకె పెరిగేకొద్దీ వెలుతురు వచ్చే రంధ్రం, అంటే అపర్చర్, చిన్నదవుతుంది. ఫంక్షన్ హాలు లైట్లలో ఇవి ఇబ్బంది పడితే అది లోపం కాదు, వాటి స్వభావం.

నాలుగు మూలలూ సమానంగా కాస్త మెత్తగా ఉంటే క్షమించండి. మూలల్లో వెలుగు తగ్గినా, తెల్లటి ఆకాశం ముందు కొమ్మలకు సన్నటి ఊదా అంచు వచ్చినా, బయటికి పొడుచుకొచ్చిన గొట్టం వేలితో తాకితే కొద్దిగా కదిలినా ఫర్వాలేదు. ఒక పక్క బాగుండి ఇంకో పక్క పాడైతే మాత్రం క్షమించకండి. పెట్టిన చోట ఫోకస్ మళ్లీమళ్లీ తప్పుతున్నా, జూమ్ రింగు ఇసుక నలిగినట్టు తిరుగుతున్నా అంతే. ఆ లెన్స్ ధర ఎంతైనా సరే, మీకు వచ్చిన పీసు చెడ్డది.

షాపులో ఐదు నిమిషాలు

హైదరాబాద్‌లో కోఠి, అబిడ్స్ వైపు కెమెరా షాపుల్లో కొంటే మీకో మేలుంది: డబ్బు ఇవ్వకముందే లెన్స్ చేతిలోకి వస్తుంది. పెట్టె మీది సీరియల్ నంబరు, లెన్స్ మీది నంబరు, బిల్లులో రాసిన నంబరు మూడూ ఒకటేనా చూడండి. "బిల్లు లేకుండా అయితే ఇంకో రెండు వేలు తగ్గిస్తా" అంటే ఒప్పుకోకండి. బిల్లు లేకపోతే రేపు వారంటీ అడగలేరు. మార్చి ఇచ్చే గడువు ఎన్ని రోజులో నోటిమాటగా కాకుండా బిల్లు మీదే రాయించుకోండి. ఆన్‌లైన్‌లో కొన్నవాళ్లు పెట్టె విప్పేటప్పుడు ఫోన్‌లో వీడియో తీసి పెట్టుకోవాలి.

సెకండ్‌హ్యాండ్ అయితే ఫోన్ టార్చ్‌ను వెనక వైపు నుంచి వేసి, ముందు వైపు నుంచి ఏటవాలుగా చూడండి. ఒకటి రెండు దుమ్ము రేణువులు పర్వాలేదు. సాలెగూడులా, చెట్టు వేళ్లలా కొమ్మలు కొమ్మలుగా తెల్లటి గీతలు కనిపిస్తే అది ఫంగస్. ఎంత తగ్గించి ఇస్తానన్నా వద్దు.

ఒక ముఖ్యమైన మాట. లెన్స్‌తో పాటు చాలా షాపుల్లో ఒక యూవీ ఫిల్టర్ తగిలించి ఇస్తారు. పరీక్ష పూర్తయ్యేదాకా దాన్ని తీసేయండి. టెలి లెన్స్ ముందు నాసిరకం గాజు పెడితే మంచి లెన్స్ కూడా మసకగానే తీస్తుంది. "లెన్స్ బాగాలేదు" అని నా దగ్గరికి తెచ్చిన ఇద్దరికి ఫిల్టర్ విప్పగానే సమస్య తీరిపోయింది.

కెమెరా సెట్టింగులు

కెమెరాలు ఇప్పుడు చాలా తెలివిమీరాయి. లెన్స్ వంకర తీసిన గీతను సరిచేసి, మూలల్లో వెలుగు పెంచి, ఊదా అంచులు తుడిచి మనకు చూపిస్తాయి. రోజువారీ ఫోటోలకు అది మంచిదే. పరీక్షకు మాత్రం ముసుగు తీసి చూడాలి. మెనూలో లెన్స్ కరెక్షన్‌లన్నీ ఆఫ్ చేయండి. రా (కెమెరా సవరించని ఫైలు), జేపెగ్ రెండూ కలిపి తీసేలా పెట్టండి. ఐఎస్ఓ (వెలుతురును కెమెరా ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె) 100 లేదా 200. అపర్చర్ ప్రయారిటీ మోడ్, అంటే అపర్చర్ మీరు పెడతారు, షట్టర్ స్పీడ్ కెమెరా చూసుకుంటుంది. ఫోకస్‌కు ఒకే పాయింటు, అదీ మధ్యలో. ట్రైపాడ్ మీద ఉన్నంతసేపు స్టెబిలైజర్ (చేతి వణుకును సర్దే ఏర్పాటు) ఆఫ్; లెన్స్ మీద స్విచ్ లేకపోతే అది మెనూలో ఉంటుంది. షట్టర్ నొక్కిన వేలి కదలిక కూడా పడకుండా 2 సెకన్ల టైమర్.

పేపరు గోడ: అసలు పరీక్ష ఇదే

దీనికి ఎక్కువ సమయం కేటాయించండి. మిగతావన్నీ దీని తర్వాతే.

విదేశాల్లో టెస్ట్ చార్టులు కొంటారు. మనకు అంతకంటే మంచిది ఇంట్లోనే ఉంది: తెలుగు దినపత్రికలో క్లాసిఫైడ్స్ పేజీ. తెలుగు అక్షరం లెన్స్‌కు గట్టి పరీక్ష. గుండ్రటి ఒంపులు, తలకట్లు, కింద సన్నటి ఒత్తులు, అన్నీ చిన్న టైపులో కిక్కిరిసి ఉంటాయి. "థ" కడుపులో చుక్క ఉంటుంది చూడండి, లెన్స్ బాగుంటే అది విడిగా నిలబడుతుంది. లెన్స్ మెత్తబడగానే మొదట మాయమయ్యేది ఆ చుక్కే, "థ" కాస్తా "ధ" అయిపోతుంది. నేను మూలల్ని ఆ చుక్కతోనే కొలుస్తాను.

పూర్తిగా విప్పిన నాలుగు పేపర్లను, పైన రెండు, కింద రెండు, చదునైన గోడకు ముడతల్లేకుండా టేపుతో అంటించండి. మేడ మీద మెట్ల గది గోడ బాగా పనికొస్తుంది. నేరుగా ఎండ పడకూడదు, వెలుతురు మాత్రం సమానంగా ఉండాలి. పొద్దున్నే గోడకు నీడ ఉన్నప్పుడు సరిగ్గా కుదురుతుంది. ఈ పేపర్ల వెడల్పు సుమారు 1.4 మీటర్లు వస్తుందనుకుంటే, ఏపీఎస్-సీ సెన్సర్ (ఫోటోను పట్టే చిప్, ఫుల్ ఫ్రేమ్ కంటే చిన్న సైజుది) ఉన్న కెమెరాతో 55 ఎంఎం దగ్గర మూడున్నర మీటర్ల దూరం, 210 ఎంఎం దగ్గర సుమారు 13 మీటర్ల దూరం కావాలి. మేడ అంత పొడవు లేకపోతే ఒకదాని కింద ఒకటి రెండు పేపర్లు చాలు, దూరం సగమవుతుంది.

ఇప్పుడు కెమెరా గోడకు సరిగ్గా ఎదురుగా ఉండాలి. కొంచెం పక్కకు తిరిగినా ఒక వైపు మసకబారి, లెన్స్ మీద లేనిపోని నింద పడుతుంది. ఇక్కడే ఆ చిన్న అద్దం పని. బొట్టు పెట్టుకునే చదునైన అద్దాన్ని పేపర్ల మధ్యలో, గోడకు ఆనించి పట్టుకోమని ఇంట్లో ఎవరినైనా అడగండి. కెమెరాలోంచి చూస్తే ఆ అద్దంలో మీ లెన్సే కనబడాలి, అదీ ఫ్రేములో సరిగ్గా మధ్యన. కనబడేదాకా ట్రైపాడ్‌ను జరుపుతూ ఉండండి. మా అమ్మ అద్దం పట్టుకుని "ఇంకా ఎంతసేపురా" అని అడిగేలోపు అయిపోదు, మొదటిసారి పది నిమిషాలు పడుతుంది. ఓపిక పట్టండి, తర్వాత వచ్చే ఫలితమంతా దీని మీదే ఆధారపడి ఉంది.

మూడు జూమ్ స్థానాల్లో తీయండి: మొదట్లో, మధ్యలో, చివర్లో. ఒక్కో చోట మూడు అపర్చర్లు: పూర్తిగా తెరిచి, ఎఫ్/8, ఎఫ్/11. ఒక్కోదానికి మూడు ఫోటోలు. ప్రతి ఫోటోకీ ముందు ఫోకస్‌ను కావాలనే చెడగొట్టి, మళ్లీ షట్టర్ సగం నొక్కి పట్టించండి. మూడింట్లో ఒకటి చెడితే అది ఫోకస్ పొరపాటు, మూడూ చెడితే వేరే కారణం ఉంది. మొత్తం 27 ఫోటోలు.

వీటిని కెమెరా స్క్రీన్ మీద చూసి తీర్పు చెప్పకండి. కంప్యూటర్‌లో 100 శాతం సైజులో తెరవండి. ముందు మధ్యభాగం, తర్వాత నాలుగు మూలలు, వరసగా. చవక జూమ్‌లు చాలావరకు పూర్తిగా తెరిచినప్పటి కంటే ఎఫ్/8 దగ్గర కాస్త తేటపడతాయి. ఎఫ్/11 దగ్గర మళ్లీ కొంచెం మెత్తబడితే కంగారుపడకండి. రంధ్రం చిన్నదయ్యేకొద్దీ కాంతి అంచుల దగ్గర వంగి చెదురుతుంది. 24 మెగాపిక్సెల్ ఏపీఎస్-సీ కెమెరాల్లో పిక్సెళ్లు చిన్నవి కాబట్టి అది ముందే బయటపడుతుంది. ఎంత ఖరీదైన లెన్స్‌కైనా ఇది తప్పదు. "ఇంకా షార్ప్‌గా రావాలి" అని ఎఫ్/16, ఎఫ్/22 పెట్టేవాళ్లు ఉన్నదాన్ని పోగొట్టుకుంటున్నారు.

ఒక పక్క మాత్రమే మసకగా ఉంటే వెంటనే లెన్స్‌ను తప్పుపట్టకండి. కెమెరాను ట్రైపాడ్ మీదే తలకిందులుగా బిగించి, మళ్లీ అద్దంతో సరిచూసి, అదే ఫోటో తీయండి. ట్రైపాడ్ తల అలా తిరగకపోతే పుస్తకాల దొంతర మీద తలకిందులుగా ఆనించండి. ఇప్పుడు ఆలోచించండి. మసక అంతకుముందున్న పేపరు మీదే ఉంటే గోడో, మీరు నిలబెట్టిన కోణమో తేడాగా ఉంది. పేపరు మారినా ఫ్రేములో మాత్రం అదే పక్క ఉంటే ఆ మసక కెమెరాతో పాటు తిరిగిందన్నమాట. అప్పుడు కెమెరాతో పాటు వచ్చిన మీ కిట్ లెన్స్ తగిలించి ఇంకోసారి తీయండి. దాంట్లో రెండు పక్కలా బాగుంటే కెమెరా తప్పేం లేదు. జూమ్ లెన్స్ లోపల ఏదో గాజు పక్కకు ఒరిగింది. దీన్నే డీసెంటరింగ్ అంటారు. మా పెద్దమ్మ ముఖాన్ని చెరిపేసింది ఇదే.

ఫోకస్

మిర్రర్‌లెస్ కెమెరా ఫోకస్‌ను సెన్సర్ మీదే చూస్తుంది కాబట్టి ముందుకో వెనక్కో జరగడం అరుదు. లోపల అద్దం ఉండే పాత డీఎస్ఎల్ఆర్ వాడేవాళ్లు మాత్రం తప్పక చూడాలి. టేబుల్ మీద ఐదు అగ్గిపెట్టెలను, ఒక్కోటి ముందుదాని కంటే నాలుగు వేళ్లు వెనక్కి, కాస్త పక్కకు నిలబెట్టండి. మధ్యదాని మీద ఫోకస్ పెట్టి, అపర్చర్ పూర్తిగా తెరిచి వ్యూఫైండర్‌తో తీయండి. తర్వాత లైవ్ వ్యూలో, అంటే వెనక స్క్రీన్ మీద చూస్తూ తీయండి. వ్యూఫైండర్‌లో ప్రతిసారీ రెండో పెట్టో, నాలుగో పెట్టో తేటగా వస్తుంటే కెమెరాలో ఫోకస్ సవరణ మెనూ ఉందేమో చూసుకోండి.

కదిలేవాటికి సిటీ బస్సును మించింది లేదు. ఫుట్‌పాత్ మీదే నిలబడి, స్టాపు వైపు వస్తున్న బస్సు ముందు బోర్డు మీద ఫోకస్ పెట్టి, కంటిన్యువస్ ఆటోఫోకస్‌లో, 1/1000 సెకను షట్టర్ స్పీడ్ దగ్గర 20 ఫోటోలు వరసగా తీయండి. ఎన్నిట్లో రూటు నంబరు, కింది ఊరి పేరు తేటగా ఉన్నాయో లెక్కపెట్టండి. 14, 15 వస్తే ఈ ధరకు నేను సంతోషిస్తాను. సాయంత్రం ట్యూబ్‌లైట్ గదిలో పిల్లల మీద కూడా ఒకసారి చూడండి. వెలుతురు తగ్గాక ఫోకస్ ముందుకీ వెనక్కీ వెతుక్కోవడం ఈ లెన్స్‌లకు మామూలే.

మీ చేతులు, స్టెబిలైజర్

ఇప్పుడు స్టెబిలైజర్ ఆన్ చేయండి. పాత లెక్క ప్రకారం 210 ఎంఎం దగ్గర, చిన్న సెన్సర్‌కు వేసే క్రాప్ లెక్క 1.6తో (కెనన్‌ది) హెచ్చిస్తే, చేత్తో పట్టుకుని తీయడానికి 1/336, అంటే సుమారు 1/320 షట్టర్ స్పీడ్ కావాలి. అక్కడ మొదలుపెట్టి 1/160, 1/80, 1/40, 1/20 దాకా దిగండి. ఒక్కోదానికి పది ఫోటోలు. పదిలో ఎనిమిది తేటగా వచ్చే ఆఖరి స్పీడ్ ఎంతో కాగితం మీద రాసుకోండి. కంపెనీ చెప్పే స్టాపుల లెక్క (ఒక్కో స్టాపు అంటే షట్టర్ స్పీడ్ సగానికి దిగడం) కంటే మీకు పనికొచ్చే అంకె ఇది, ఎందుకంటే ఇందులో మీ చేతి వణుకు కూడా ఉంది. స్టెబిలైజర్ ఆపేది మీ చేతి కదలికనే. అక్షింతలు వేస్తున్న చేతుల్ని ఆపలేదు, దానికి షట్టర్ స్పీడే పెంచాలి.

ఊళ్లోకి వెళ్లి చూడండి, కానీ పొద్దున్నే

మన ఊళ్లో మంచి లెన్స్‌లకు చెడ్డపేరు తెచ్చేది ఎండ. మధ్యాహ్నం కాంక్రీటు స్లాబులు, బండరాళ్లు, తారు రోడ్లు వేడెక్కి వాటి మీది గాలి అలలు అలలుగా ఊగుతుంది. దూరంగా ఉన్నదేదైనా నీళ్లలోంచి చూసినట్టు వస్తుంది. దానికి దుమ్ము, పొగ తోడు. 210 ఎంఎం దగ్గర ఇదంతా పెద్దదై కనిపిస్తుంది. నమ్మకం లేకపోతే మీ మేడ మీద నుంచి దూరంగా ఉన్న ఒకే వాటర్ ట్యాంకును పొద్దున ఆరున్నరకు ఒకసారి, మధ్యాహ్నం ఒంటిగంటకు ఒకసారి ట్రైపాడ్ మీద తీసి పక్కపక్కన పెట్టి చూడండి. ఒకే లెన్స్ అంటే నమ్మలేరు. దీనికి ఏ సెట్టింగూ మందు కాదు. దగ్గరికి వెళ్లాలి, లేదా పొద్దున్నే రావాలి.

ట్యాంక్‌బండ్ మీద తెల్లవారాక నిలబడితే సూర్యుడు మీ వెనక ఉంటాడు, వెలుతురు హుస్సేన్‌సాగర్ మీదుగా బుద్ధుడి మీద పడుతుంది. 1992లో నిలిపిన ఆ ఏకశిలా విగ్రహం వస్త్రపు మడతలు లెన్స్ కాంట్రాస్ట్‌ను చక్కగా చూపిస్తాయి. సాయంత్రం అక్కడికే వస్తే సూర్యుడు ఎదురుగా ఉంటాడు. అప్పుడు ఫోటో తెల్లగా పాలిపోతుందా, మధ్యలో కాంతి చుక్కలు వస్తున్నాయా చూడండి. వస్తే లెన్స్ ముందు నీడ కోసం తగిలించే హుడ్ కొనుక్కోండి. చవక లెన్స్‌ల పెట్టెల్లో చాలాసార్లు హుడ్ ఉండదు.

చార్మినార్ దగ్గరికి జనం రాకముందే వెళ్లండి. గుల్జార్ హౌజ్ వైపు నుంచి 1889లో పెట్టిన గడియారాన్ని చివరిదాకా జూమ్ చేసి, ముల్లు కొస ఎంత సన్నగా వస్తుందో, చుట్టూ ఉన్న సున్నపు పూలపని ఎంత విడివిడిగా కనిపిస్తుందో చూడండి. ఊదా అంచులకు మాత్రం దుర్గం చెరువు తీగల వంతెన. చెరువు ఒడ్డున ఉన్న పార్కు నుంచి తెల్లటి ఆకాశం ముందు ఆ తీగలను ఫ్రేము మూలకు తెచ్చి తీస్తే ఏమున్నా దాగదు.

పక్షుల కోసమే ఈ లెన్స్ కొన్నవాళ్లు చలికాలంలో అమీన్‌పూర్ చెరువుకు వెళ్లాలి. 2016లో దాన్ని జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు. ఎగిరే కొంగకు 1/1000 కంటే తగ్గించకండి, ఐఎస్ఓ 1600 దాకా వెళ్లి ఫోటోలో గింజలు గింజలుగా వచ్చినా భయపడకండి. గింజలు కనిపించే ఫోటోను సరిచేసుకోవచ్చు, కదిలిపోయినదాన్ని ఎవరూ సరిచేయలేరు. అక్కడ కొంగ చిన్నదిగా వచ్చిందని లెన్స్‌ను తిట్టుకోవద్దు. దూరంగా ఉన్న పక్షులకు 210 ఎంఎం సరిపోదు, అది కొనకముందే తెలుసుకోవాల్సిన సంగతి.

వెనక్కి ఇవ్వాల్సి వస్తే

సాక్ష్యంతో వెళ్లండి. తలకిందులు చేయకముందు, చేశాక తీసిన రెండు ఫోటోలు, కిట్ లెన్స్ ఫోటో, ఈ మూడింటి మూలలు కత్తిరించి ఫోన్‌లో పక్కపక్కన పెట్టుకోండి. ఒక స్నేహితుడి కోసం నేను ఇలాగే వెళ్లాను. కౌంటర్ దగ్గరున్నాయన చూసి, "అన్నా, ఈ రేటుకు ఇట్లనే వస్తది" అన్నాడు. "కుడిపక్క కూడా ఇదే రేటుకు వచ్చింది కదన్నా, అది మంచిగనే ఉంది చూడు" అని ఫోన్ చేతికిచ్చాను. ఆయన రెండు మూలలూ పెద్దవి చేసుకుని చూశాడు, ఇంకేం మాట్లాడలేదు. లోపల్నుంచి ఇంకో పీసు తెచ్చాడు. మార్చి ఇచ్చిన పీసును కూడా ఇంటికెళ్లి మళ్లీ పేపరు గోడ ముందు పెట్టాలి. రెండోది బాగుంటుందని హామీ ఏమీ లేదు.

లెన్స్ పరీక్షకు నిలబడితే, వానాకాలం వచ్చేలోపు మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బా, సిలికా జెల్ ప్యాకెట్లు తెచ్చిపెట్టండి. బీరువాలో బట్టల మధ్య పెడితే ఫంగస్ పడుతుంది.

ఇక చివరగా, పరీక్ష కోసం ఆఫ్ చేసినవన్నీ మళ్లీ ఆన్ చేయండి: లెన్స్ కరెక్షన్‌లు, స్టెబిలైజర్. టైమర్ తీసేయండి. మీ అంకెలు, అంటే ఏ జూమ్ దగ్గర ఏ అపర్చర్ బాగుందో, చేత్తో ఎంత స్పీడ్ దాకా దిగొచ్చో, చిన్న చీటీ మీద రాసి కెమెరా బ్యాగులో పెట్టుకోండి.